పాత కంప్యూటర్, కొత్త ఆపరేటింగ్ సిస్టమ్: నడుస్తుందా, నడవదా?



2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10 ఆపరేటింగ్ సిస్టమ్‌కు సాధారణ మద్దతును నిలిపివేసింది. ఆ రోజుతో ఏ కంప్యూటరూ ఆగిపోలేదు. కానీ ఆ తర్వాత బయటపడే భద్రతా లోపాలకు మరమ్మతులు మామూలుగా అందవు. వ్యక్తిగత వినియోగదారులకు ఆ మరమ్మతులను 2026 అక్టోబర్ 13 వరకు అందించే ఏర్పాటును సంస్థ ప్రకటించింది. కాబట్టి విండోస్ 10 మీద నడిచే కంప్యూటర్ ఉన్న ప్రతి ఇంటిలో, ప్రతి కళాశాల ప్రయోగశాలలో ఒకే ప్రశ్న వస్తుంది. దీనిలో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తుందా? నడవకపోతే పారేయవలసిందేనా?

దుకాణంలో అడిగితే చాలాసార్లు ఒక్క మాటలో జవాబు వస్తుంది: ‘నడవదు’. ఈనాటి ప్రసంగంలో మనం ఆ ఒక్క మాటనే పరిశీలిద్దాం. ఎందుకంటే ఆ మాటకు మూడు వేర్వేరు అర్థాలు ఉన్నాయి. ఒకటి, నడవలేకపోవడం. రెండు, నడిచినా ఈడ్చుకుంటూ నడవడం. మూడు, నడవనివ్వకపోవడం. మొదటిది యంత్రం పరిమితి. రెండవది కొద్ది ఖర్చుతో సరిదిద్దుకోగల లోటు. మూడవది తయారీదారు నిర్ణయం. ఈ మూడింటినీ విడదీసి చూడగలిగితే పాత కంప్యూటర్ గురించి సరైన నిర్ణయం మీరే తీసుకోగలుగుతారు.

ఆపరేటింగ్ సిస్టమ్ ఏమి కోరుతుంది?

ప్రాసెసర్, మెమరీ, డిస్క్, ప్రింటర్ వంటి యంత్రభాగాలకూ, మనం వాడే ప్రోగ్రాములకూ మధ్య నిలిచి పనులు పంచిపెట్టేదే ఆపరేటింగ్ సిస్టమ్. అది కూడా ఒక ప్రోగ్రామే. కాబట్టి దానికీ కొంత చోటు, కొంత వేగం కావాలి. ఆ అవసరం కాలక్రమంలో ఎలా పెరిగిందో గమనించండి.

1995లో వచ్చిన విండోస్ 95కు కనీసం 4 మెగాబైట్ల మెమరీ చాలు. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీకి కనీసం 64 మెగాబైట్లు కావలసి వచ్చింది. 2007 నాటి విస్టాకు 512 మెగాబైట్లు. 2009 నాటి విండోస్ 7లో 32 బిట్ల రూపానికి 1 గిగాబైట్, 64 బిట్ల రూపానికి 2 గిగాబైట్లు. 2021లో వచ్చిన విండోస్ 11కు 4 గిగాబైట్లు. అంటే 26 ఏళ్లలో కనీస మెమరీ అవసరం సరిగ్గా 1024 రెట్లు పెరిగింది.

ఈ వరుసలో ఒక విశేషం ఉంది. 2015లో విడుదలైన విండోస్ 10 మెమరీ విషయంలో విండోస్ 7 కోరినంతే కోరింది. అందుకే 2009లో కొన్న కంప్యూటర్లు కూడా చాలావరకు విండోస్ 10ను నడిపాయి. ఆరేళ్లపాటు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ అంటే కొత్త కంప్యూటర్ అనే భయం అంతగా లేకపోయింది. 2021లో ఆ భయం తిరిగి రావడానికి ముఖ్య కారణం మెమరీ కాదు. ఆ సంగతి మూడవ అర్థం దగ్గర చూద్దాం.

మొదటి అర్థం: నడవలేకపోవడం

ప్రతి ప్రాసెసర్‌కు తనకు తెలిసిన కొన్ని ఆదేశాలు ఉంటాయి. వాటి సముదాయమే ఆ ప్రాసెసర్ భాష. ఆపరేటింగ్ సిస్టమ్ ఆ భాషలోనే రాయబడి ఉండాలి. భాష తెలియని ప్రాసెసర్ ముందు ఎంత మంచి ప్రోగ్రామ్ పెట్టినా ప్రయోజనం లేదు.

దీనికి స్పష్టమైన ఉదాహరణ ఆపిల్ సంస్థది. ఆ సంస్థ కంప్యూటర్లు 2006 వరకు పవర్‌పీసీ అనే ప్రాసెసర్లతో వచ్చేవి. ఆ ఏడాదిలోనే సంస్థ ఇంటెల్ ప్రాసెసర్లకు మారింది. 2009లో విడుదలైన స్నో లెపర్డ్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఇంటెల్ భాషలో మాత్రమే వచ్చింది. దానితో మూడేళ్ల కిందట కొన్న శక్తిమంతమైన పవర్‌పీసీ కంప్యూటర్లు కూడా ఆ కొత్త వ్యవస్థకు పనికిరాకుండా పోయాయి. మెమరీ ఎంత పెంచినా ఫలితం లేదు.

మనం ఎక్కువగా చూసే కంప్యూటర్లలో ఈ సమస్య 32 బిట్లు, 64 బిట్ల రూపంలో కనిపిస్తుంది. 32 బిట్ల చిరునామాతో 2కు 32వ ఘాతం, అంటే 429 కోట్లకు పైగా గడులను గుర్తించవచ్చు. గడికి ఒక బైట్ చొప్పున అది 4 గిగాబైట్లు. అంతకు మించిన మెమరీని సులువుగా వాడుకోవడానికి 64 బిట్ల ప్రాసెసర్లు అవసరమయ్యాయి. మామూలు పీసీలకు సరిపడే ఈ రకం ప్రాసెసర్లను ఏఎండీ 2003లోనూ, ఇంటెల్ 2004లోనూ తెచ్చాయి. విండోస్ 11కు 32 బిట్ల రూపం అసలు లేదు. కాబట్టి 32 బిట్లు మాత్రమే తెలిసిన పాత పెంటియమ్ కంప్యూటర్ దానిని నడపలేదు.

64 బిట్లు ఉన్నంత మాత్రాన సరిపోతుందా? అదీ చెప్పలేం. 2024లో వచ్చిన విండోస్ 11 సవరణ నుండి ఎస్ఎస్ఈ 4.2, పాప్‌కౌంట్ అనే ఆదేశాలు తప్పనిసరి అయ్యాయి. 2006 నుండి కొన్నేళ్లపాటు విరివిగా అమ్ముడైన కోర్ 2 డుయో ప్రాసెసర్లకు ఈ ఆదేశాలు తెలియవు. అందుచేత ఆ కంప్యూటర్లలో ఆ విండోస్ మొదలే కాదు. దీనినే నిజమైన ‘నడవలేకపోవడం’ అనాలి.

ఇది వ్యాపార సంస్థలకే పరిమితం కాదు. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన దగ్గరున్న 386 ప్రాసెసర్ కంప్యూటర్ కోసం లినక్స్‌ను రాయడం మొదలుపెట్టాడు. 2013లో విడుదలైన లినక్స్ 3.8 నుండి ఆ 386కే మద్దతు తొలగించారు. పుట్టినింటినే విడిచిపెట్టినట్లయింది. పాత యంత్రాల కోసం రాసిన భాగాలను కాపాడుతూ రావడానికి కూడా మనుషుల శ్రమ కావాలి. వాడేవారు తగ్గినకొద్దీ ఆ శ్రమ భారమవుతుంది.

రెండవ అర్థం: నడిచినా ఈడ్చుకుంటూ నడవడం

ఇక్కడ ప్రాసెసర్‌కు భాష తెలుసు. కానీ చోటు చాలదు, వేగం చాలదు. ఎక్కువ మంది ఎదుర్కొనేది ఈ ఇబ్బందినే.

మీరు చదువుకునే బల్లనూ, పుస్తకాల బీరువానూ ఊహించుకోండి. మెమరీ బల్ల వంటిది, డిస్క్ బీరువా వంటిది. బల్ల పెద్దదైతే కావలసిన పుస్తకాలన్నీ తెరిచి పెట్టుకోవచ్చు. బల్ల చిన్నదైతే ఒక పుస్తకం కావలసినప్పుడల్లా మరొక పుస్తకాన్ని బీరువాలో పెట్టి రావాలి. చదవడం కన్నా తిరగడమే ఎక్కువవుతుంది. మెమరీ చాలని కంప్యూటర్ చేసే పని ఇదే. డిస్క్ దీపం ఎడతెగకుండా మినుకుమంటూ ఉంటుంది. మనం నొక్కిన మీటకు స్పందన రాదు.

బీరువా దూరంగా ఉంటే పరిస్థితి మరింత కష్టం. పాత హార్డ్ డిస్క్‌లో ఒక పళ్లెం గిర్రున తిరుగుతూ ఉంటుంది. ల్యాప్‌టాప్‌లలో అది నిమిషానికి 5400 సార్లు, అంటే సెకనుకు 90 సార్లు తిరుగుతుంది. ఒక చుట్టుకు పట్టే కాలం సుమారు 11 మిల్లీసెకన్లు. కావలసిన సమాచారం చదివే ముల్లు కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే ఐదున్నర మిల్లీసెకన్లు కావాలి. ముల్లు సరైన వరుసకు జరగడానికి మరో పది మిల్లీసెకన్ల దాకా పడుతుంది. మొత్తం 15 మిల్లీసెకన్లు అనుకుందాం. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు డిస్క్‌లో చెల్లాచెదురుగా ఉన్న 5000 చిన్న ముక్కలను చదవాలంటే 75 సెకన్లు గడుస్తాయి. తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీలో ఒక ముక్కకు సుమారు 0.1 మిల్లీసెకను చాలు. అదే పని అర సెకనులో పూర్తవుతుంది.

అందుచేత పాత కంప్యూటర్‌కు ప్రాణం పోయాలంటే మొదట మార్చవలసింది ప్రాసెసర్ కాదు. హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్ఎస్‌డీ పెట్టడం, మెమరీని 8 గిగాబైట్లకు పెంచడం అనే రెండు పనులతో పదేళ్ల కిందటి కంప్యూటర్ చాలాసార్లు తేరుకుంటుంది. అయితే మెమరీ రకం చూసుకోవాలి. మరీ పాత రకం మెమరీ దొరకడం కష్టం. కొన్ని ల్యాప్‌టాప్‌లలో మెమరీని బోర్డుకే అతికించి ఉంచుతారు, అక్కడ పెంచే వీలు లేదు.

కనీస అవసరం అనే మాటను కూడా జాగ్రత్తగా చదవాలి. కనీస అవసరం అంటే మొదలవుతుందని చెప్పడమే గాని హాయిగా పని చేయవచ్చని కాదు. 2006లో అనేక కంప్యూటర్ల మీద అవి రాబోయే విస్టాను నడపగలవని తెలిపే చీటీలు అంటించి అమ్మారు. వాటిలో కొన్ని విస్టా సాధారణ రూపాన్ని మాత్రమే నడపగలిగాయి. ప్రకటనల్లో చూపిన మెరుగైన తెర రూపం వాటిలో రాలేదు. ఆ వివాదం 2007లో అమెరికాలో న్యాయస్థానం దాకా వెళ్లింది. నడపగలగడం వేరు, బాగా నడపగలగడం వేరు అని చెప్పడానికి అంతకన్నా మంచి పాఠం లేదు.

ఇక్కడే డ్రైవర్ల సంగతి కూడా చెప్పుకోవాలి. ప్రింటర్, స్కానర్, వైఫై వంటి పరికరాలతో ఆపరేటింగ్ సిస్టమ్ మాట్లాడటానికి వాడే చిన్న ప్రోగ్రామ్‌ను డ్రైవర్ అంటారు. 32 బిట్ల విండోస్ కోసం రాసిన డ్రైవర్ 64 బిట్ల విండోస్‌లో పనిచేయదు. తయారీదారు కొత్త డ్రైవర్ ఇవ్వకపోతే కంప్యూటర్ బాగానే ఉన్నా ప్రింటర్ మూగబోతుంది.

మూడవ అర్థం: నడవనివ్వకపోవడం

2021 అక్టోబర్‌లో విండోస్ 11 విడుదలైనప్పుడు చాలామంది ఆశ్చర్యపోయారు. 8 గిగాబైట్ల మెమరీ, మంచి వేగం ఉన్న నాలుగైదేళ్ల కంప్యూటర్లు కూడా అర్హత లేనివిగా తేలాయి. కారణం ఏమిటి? మైక్రోసాఫ్ట్ మూడు నిబంధనలు పెట్టింది. టీపీఎం 2.0 ఉండాలి. సెక్యూర్ బూట్ అనే సదుపాయం ఉండాలి. ప్రాసెసర్ తాను ప్రకటించిన జాబితాలో ఉండాలి. కొద్దిపాటి మినహాయింపులు తీసివేస్తే ఆ జాబితా ఇంటెల్‌లో 2017 నాటి ఎనిమిదవ తరం నుండి, ఏఎండీలో 2018 నాటి రైజెన్ 2000 వరుస నుండి మొదలవుతుంది.

టీపీఎం అంటే రహస్య తాళపుచెవులను భద్రపరిచే ఏర్పాటు. అది విడి చిప్ కావచ్చు, ప్రాసెసర్‌లో భాగమూ కావచ్చు. సెక్యూర్ బూట్ అంటే కంప్యూటర్ మొదలయ్యే క్షణంలో దొంగ ప్రోగ్రామ్ చొరబడకుండా చూసే కాపలా. ఈ నిబంధనలు భద్రత కోసం, నమ్మకమైన పనితీరు కోసం అని సంస్థ చెప్పింది. ఆ కారణం తీసిపారేయదగినది కాదు. కానీ ఏడవ తరం ప్రాసెసర్‌కు విండోస్ 11 భాష తెలియక కాదు, జాబితాలో పేరు లేకనే అది బయట నిలిచింది. కొందరు ఈ తనిఖీని దాటవేసి అటువంటి కంప్యూటర్లలో విండోస్ 11ను స్థాపించారు, అది నడిచింది కూడా. అయితే అలాంటి కంప్యూటర్లకు ఇకముందు సవరణలు అందుతాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ స్పష్టం చేసింది. సొంత ప్రయోగానికి అది సరే. పది మంది ఆధారపడే ప్రయోగశాలకు ఆ దారి మంచిది కాదు.

ఒక ముఖ్యమైన సూచన. కొన్ని కంప్యూటర్లలో టీపీఎం ఉండి కూడా అమరికల్లో ఆపివేసి ఉంటుంది. ఇంటెల్ కంప్యూటర్లలో దానిని పీటీటీ అనీ, ఏఎండీ వాటిలో ఎఫ్‌టీపీఎం అనీ పిలుస్తారు. ఎనిమిదవ తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండి కూడా ‘అర్హత లేదు’ అని వస్తే, కొత్తది కొనే ముందు ఆ అమరికను తెరిచి చూడండి.

పాతదానినే అలాగే వాడుకుంటే?

ఇన్ని చిక్కులెందుకు, పాత ఆపరేటింగ్ సిస్టమ్‌తోనే సరిపెట్టుకుంటే పోదా అని మీరు అడగవచ్చు. 2017 మే 12న వానాక్రై అనే ప్రోగ్రామ్ ప్రపంచమంతటా వ్యాపించి, కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళాలు వేసి డబ్బు అడిగింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చిలోనే మరమ్మతు విడుదల చేసింది. సవరణలు వేసుకోని కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. 2014లోనే మద్దతు ముగిసిన ఎక్స్‌పీకి మరమ్మతు అత్యవసరంగా, దాడి మొదలైన తర్వాతే అందింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దీని బారిన పడినట్లు అప్పట్లో పత్రికలు రాశాయి.

కాబట్టి మద్దతు ముగిసిన కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు కలిపి ఉంచి, దాని మీద బ్యాంకు ఖాతా తెరవడం, ఉపకార వేతనానికి దరఖాస్తు పెట్టడం ప్రమాదకరం. ఇంటర్నెట్‌తో పని లేని చోట మాత్రం పాత వ్యవస్థను ఉంచుకోవచ్చు. మన ఊళ్లలోని డీటీపీ కేంద్రాలలో పేజ్‌మేకర్, అను ఫాంట్లతో తెలుగు పని చేసేవారు ఉన్నారు. పేజ్‌మేకర్ చివరి రూపం 2001లో వచ్చింది. అటువంటి పని కోసం పాత కంప్యూటర్‌ను ఇంటర్నెట్ నుండి విడదీసి, పెన్‌డ్రైవ్‌లను పరీక్షించి వాడుకోవడం వివేకం.

మరొక దారి: లినక్స్

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే విండోస్ ఒక్కటే కాదు. లినక్స్ మీద ఆధారపడిన డెబియన్, ఉబుంటు, మింట్ వంటివి ఉచితంగా లభిస్తాయి. టీపీఎం వంటి నిబంధనలు వాటిలో లేవు. సి-డాక్ సంస్థ భారతీయ భాషలకు అనువుగా ‘బాస్’ అనే లినక్స్‌ను రూపొందించింది. తెలుగులో లినక్స్‌ను అందించేందుకు హైదరాబాద్‌లో ‘స్వేచ్ఛ’ అనే ఉద్యమం కృషి చేసింది. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో కంప్యూటర్ విద్య అనేక ఏళ్లుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదనే సాగుతోంది.

దీనికీ హద్దులున్నాయి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13ను 32 బిట్ల పీసీలో కొత్తగా స్థాపించే వీలు తీసివేశారు. విండోస్ కోసమే రాసిన కొన్ని లెక్కల ప్రోగ్రాములు, తెలుగు డీటీపీ ప్రోగ్రాములు నేరుగా పనిచేయవు. ఆపరేటింగ్ సిస్టమ్ తేలికైనదైనా ఈనాటి వెబ్ పేజీలు బరువైనవే. బ్రౌజర్ తెరిచేసరికి 1 గిగాబైట్ మెమరీ ఇట్టే నిండిపోతుంది.

మూడు కంప్యూటర్లను పరీక్షిద్దాం

ఒక కళాశాల ప్రయోగశాలలో మూడు పాత కంప్యూటర్లు ఉన్నాయనుకుందాం.

మొదటిది 2003 నాటి 32 బిట్ల పెంటియమ్ 4, మెమరీ 512 మెగాబైట్లు. విండోస్ 11ను నడపలేదు. పాత లినక్స్ నడిచినా వెబ్ పేజీలు తెరవడం కష్టం. దీనిని విప్పి భాగాలు నేర్చుకోవడానికి, టైపింగ్ సాధనకు వాడుకోవచ్చు.

రెండవది 2008 నాటి కోర్ 2 డుయో, మెమరీ 4 గిగాబైట్లు. నేటి విండోస్ 11 నడవదు, కారణం యంత్రానిదే. 64 బిట్ల లినక్స్ వేసి ఎస్ఎస్‌డీ అమరిస్తే చదువుకోవడానికి, ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి పనికివస్తుంది.

మూడవది 2016 నాటి ఆరవ తరం కోర్ ఐ3, మెమరీ 4 గిగాబైట్లు, హార్డ్ డిస్క్. ఇది నెమ్మదిగా ఉండటానికి కారణం చోటు, డిస్క్. విండోస్ 11 రాకపోవడానికి కారణం జాబితా. మెమరీ పెంచి, ఎస్ఎస్‌డీ పెట్టి లినక్స్ వేస్తే మరికొన్నేళ్లు చక్కగా పనిచేస్తుంది. దీనిని పారేయడం తప్పు.

దుకాణంలో ఈ మూడింటికీ ‘నడవదు’ అనే ఒకే జవాబు రావచ్చు. కానీ మూడింటికీ మనం చేయవలసిన పని వేరు.

ఈ తేడా తెలియడం ఎందుకు ముఖ్యం? ఐక్యరాజ్య సమితి సంస్థల భాగస్వామ్యంతో వెలువడిన 2024 నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచంలో 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగయ్యాయి. వాటిలో సక్రమంగా సేకరించి తిరిగి వినియోగంలోకి తెచ్చినట్లు నమోదైనది 22.3 శాతమే. ఇంకా పదేళ్లు పనికివచ్చే యంత్రం ఆ కుప్పలో చేరకూడదు. అంతకన్నా దగ్గరి విషయం కూడా ఉంది. మన దేశంలో అనేక ఇళ్లలో పిల్లల చదువుకు ఒక పాత కంప్యూటర్ దొరకడమే గొప్ప. దానిని పనికిరానిదని ఎవరో ఒక్క మాటతో తేల్చేస్తే ఆ విద్యార్థికి దారి మూసుకుపోతుంది.

ఇంతవరకు చెప్పుకున్న దానిని గుర్తుంచుకోండి. ఎవరైనా ‘నడవదు’ అంటే వెంటనే అడగండి: నడవలేదా, సరిగా సాగదా, నడవనివ్వరా? యంత్రానికి భాష తెలియకపోతే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ వెతకండి. చోటు చాలకపోతే మెమరీ, ఎస్ఎస్‌డీ మార్చండి. అనుమతి లేకపోతే, మద్దతు ఎంతకాలం అందుతుందో చూసి ప్రత్యామ్నాయం ఎంచుకోండి.

చేసి చూడండి

1. మీకు అందుబాటులో ఉన్న ఒక కంప్యూటర్‌లో ప్రాసెసర్ పేరు, అది వచ్చిన సంవత్సరం, మెమరీ, డిస్క్ రకం నోట్‌బుక్‌లో రాయండి.

2. పైన చెప్పిన మూడు అర్థాలలో దానికి ఏది వర్తిస్తుందో కారణంతో రాయండి.

3. ముఖ్యమైన ఫైళ్లను వేరే చోట భద్రపరచండి. తర్వాత ఉపాధ్యాయుల పర్యవేక్షణలో, లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్‌ను మొదలుపెట్టి చూడండి. స్థాపించకుండా ‘ప్రయత్నించు’ అనే మార్గాన్నే ఎంచుకుంటే డిస్క్‌లో ఉన్నది మారదు. ధ్వని, వైఫై, ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో పరీక్షించండి.

4. హార్డ్ డిస్క్ నిమిషానికి 7200 సార్లు తిరిగితే అర చుట్టుకు ఎన్ని మిల్లీసెకన్లు పడుతుందో లెక్కించండి.